మిరపతోటలో కాలశుద్ధి

కొంరవ్వ మిరపతోటలో మూడు వేల ఏళ్ళ కిందట ఒకాయన చనిపోయాడన్న సంగతి ప్రభుత్వానికి మొన్న మాఘమాసంలో తెలిసింది. తెలిసిందే తడవుగా రెండు జీపులు బయలుదేరాయి. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని ఊళ్ళో ఎవరూ అడగలేదు. పోయినాయన కూడా అడగలేదు.

నర్సక్కపేట దాటి ఉత్తరంగా ఫర్లాంగు నడిస్తే కొంరవ్వ చేను వస్తుంది. ఎకరన్నర. దాని నడిమధ్యలో నడుమెత్తు బండరాళ్ళు గుండ్రంగా పాతి ఉంటాయి. వాటి లోపల రాళ్ళూ మట్టీ కలిపి పోసిన గుట్ట. ఊళ్ళో దాన్ని రాకాసి బొంద అంటారు. బొంద అంటే అక్కడి మాటలో మనిషిని పాతిన గొయ్యి. లోపల ఉన్నది రాకాసో మనిషో చూసినవాళ్ళు లేరు కాని, దాని మీదికి నాగలి పోనిచ్చినవాళ్ళు కూడా లేరు. కొంరవ్వ అత్త పోనివ్వలేదు, కొంరవ్వా పోనివ్వలేదు. మధ్యాహ్నం ఆ రాళ్ళ నీడన కూర్చుని అన్నం మూట విప్పుకునేది. నీడ తిరిగితే "జర జరుగు తాతా" అంటూ తనూ జరిగేది. పదిహేనేళ్ళుగా ఇద్దరూ ఒకే చేలో ఉన్నారు. ఒకరు పనిచేస్తారు, ఒకరు పడుకుంటారు. ఇంట్లో మొగుడు ఓదేలుతో కూడా ఇదే ఏర్పాటు కాబట్టి ఆమెకు ఇబ్బంది అనిపించలేదు.

ఆ ఏడు మిరప ఎన్నడూ లేనంత బాగా కాసింది. పురుగు పడలేదు, తెగులు తగల్లేదు. ఆకు కనబడకుండా ఎర్రగా మాగింది. సోమవారం నుంచి కోతకు రమ్మని కొంరవ్వ వాడకట్టులో ఆడవాళ్ళందరికీ చెప్పి పెట్టుకుంది. మాగిన కాయ చెట్టు మీద ఎక్కువ రోజులు ఆగదు. ఎండకు రంగు దిగిపోయి తెల్లబడుతుంది. తెల్లబడ్డ కాయను తాలు అంటారు, దానికి ఏ సంతలోనూ మర్యాద లేదు. ఏడాది కష్టమంతా ఆ పది పదిహేను రోజుల్లోనే కోసి కల్లానికి చేర్చుకోవాలి.

జీపులు ఆదివారం వచ్చాయి.

ఆ రోజుల్లో రాజధానిలో కాలశుద్ధి అనే మాట బాగా నడుస్తోంది. పాత కట్టడాన్ని కాపాడితే చాలదు, దాని చుట్టూ ఉన్న కాలాన్ని కూడా కాపాడాలి అని పెద్దలంతా ఒక చల్లని హాల్లో కూర్చుని తీర్మానించారు. దానికోసం ఒక సంస్థ పుట్టింది. సంస్థకు ఒక జీవో పుట్టింది. సమాధి కట్టిన కాలం నాటికి ఈ గడ్డ మీద లేనిది ఏదీ, ఆ సమాధి చుట్టూ వంద మీటర్ల వలయంలో ఉండకూడదని జీవో సారాంశం. కోటల దగ్గర దాన్ని అమలు చెయ్యబోతే కోటల చుట్టూ ఇళ్ళు కట్టుకున్న పెద్దమనుషులు ఒప్పుకోలేదు. అందుకని ముందుగా నర్సక్కపేటలో అమలు చేద్దామనుకున్నారు.

మొదటి జీపులోంచి ఉపసంచాలకులు డాక్టర్ పరాంకుశం గారు దిగారు. బక్కపలచని మనిషి, మెడలో కెమెరా, మాటలో నిఘంటువు. రెండో జీపులోంచి సర్వేయర్ ప్రభుదాస్ టేపు పట్టుకుని దిగాడు. అతనిది పక్క మండలమే.

పరాంకుశం గారు రాళ్ళ చుట్టూ మూడుసార్లు తిరిగి, చెప్పులు విడిచి, కళ్ళు మూసుకున్నారు.

"ఇది అయోయుగ ఆద్యదశకు చెందిన బృహత్ శిలాసమాధి" అన్నారు. "నీకు తెలుసా అమ్మా, నువ్వు ఎంత మహత్తర స్థలంలో నివసిస్తున్నావో?"

"నేనీడ ఉండ సారూ. మా ఇల్లు ఊళ్ళె ఉంది. గీడ తాత ఉంటడు" అంది కొంరవ్వ.

ప్రభుదాస్ గుట్ట నడిమిలో మేకు కొట్టి వంద మీటర్లు లాగాడు. కొంరవ్వ ఎకరన్నర మొత్తం వలయంలో పడి, ఇంకా నాలుగు వైపులా పక్కవాళ్ళ బీళ్ళలోకి పోయింది. చుట్టూ పచ్చ తాడు కట్టారు. తర్వాత పరాంకుశం గారు లోపల ఉన్న ఒక్కొక్క వస్తువునే పరీక్షించి తీర్పు చెబుతూ వచ్చారు. ప్రభుదాస్ రాసుకున్నాడు.

కరెంటు మోటారు కాలవిరుద్ధం. నీళ్ళ సీసా కాలవిరుద్ధం. కొడవలి ఇనుముది, అయోయుగమంటే ఇనుప యుగమే, కనుక ఉండవచ్చు. దిష్టిబొమ్మ ఉండవచ్చు కాని దాని ఒంటి మీది చొక్కా కుట్టినది, కుట్టుబట్టకు ఆనాటి ఆధారాలు లేవు. దిష్టిబొమ్మ చొక్కా విప్పించారు. అది ఓదేలు పెళ్ళినాటి చొక్కా. ఓదేలు దాన్ని మడిచి చంకలో పెట్టుకుని గట్టెక్కాడు.

బర్రె దగ్గర కొంచెం ఆలస్యమైంది. బర్రె ఆనాడూ ఉంది, దోషం లేదు. కాని దాని చెవికి పసుపు ప్లాస్టిక్ బిళ్ళ ఉంది, దాని మీద పన్నెండు అంకెల నంబరు ఉంది. అది పశువైద్యశాఖ వేసింది. తీస్తే ఆ శాఖ కేసు పెడుతుంది, ఉంచితే ఈ శాఖ కేసు పెడుతుంది. పరాంకుశం గారు కాసేపు ఆలోచించి, చెవి ఒక్కటే కాలవిరుద్ధమని, మిగతా బర్రెకు అభ్యంతరం లేదని తేల్చారు. తల తాడుకు బయట, మొండెం తాడుకు లోపల ఉండేటట్టు బర్రెను కట్టెయ్యమన్నారు. బర్రె ఏమీ అనలేదు. దానికి గడ్డి ఎటువైపు ఉన్నా ఒకటే.

చివరికి ఆయన ఒక మిరప చెట్టు ముందు ఆగారు. కాయ తెంపి ఎండకు పట్టి చూశారు. ముఖం చిన్నబోయింది.

"ఇది మనది కాదు" అన్నారు.

"నాదే సారూ" అంది కొంరవ్వ.

"ఈ దేశానిది కాదు అంటున్నాను. మిరప సుమారు ఐదు వందల ఏళ్ళ కిందట పరదేశీయుల ఓడల్లో వచ్చి మన నేలను ఆక్రమించిన మొక్క. ఇందులో శయనించి ఉన్న మహానాయకుడు జీవితంలో మిరపకాయ ఎరుగడు. ఆయన చుట్టూ ఇన్ని మిరపకాయలు నిలబెట్టడం చరిత్రకు జరిగిన అపచారం."

"ఓడలు ఎక్కడియి సారూ. నారు నేనే పోసిన. మా ఆయిన విత్తనాలు పట్నంల కొనుక్కచ్చిండు. పదిహేనేండ్ల సంది ఏస్తున్న, తాత ఒక్కనాడు గూడ ఘాటు తగులుతుందని అనలె."

"ఆయన అనలేరు కనుకనే మేము ఉన్నాం" అన్నారు పరాంకుశం గారు.

కొంరవ్వ ఆయన మెడలో వేలాడుతున్న కెమెరా వైపు, కళ్ళద్దాల వైపు, ప్యాంటు వైపు చూసింది. "మల్ల మీ ప్యాంటు కుట్టిందే గద సారూ. మీరెట్ల లోపటికొచ్చిండ్రు?"

దానికి ఆయన జేబులోంచి ఒక కార్డు తీసి చూపించారు. విధి నిర్వహణలో ఉన్న అధికారి కాలాతీతుడని, అతని శరీరానికీ, దుస్తులకూ, వాహనానికీ ఏ యుగమూ వర్తించదని దాని మీద అచ్చువేసి ఉంది. కింద గుండ్రటి ముద్ర. "నేను నా చేన్ల పని చేసుకునుడు విధి గాదా?" అని కొంరవ్వ అడిగింది. "అది జీవనోపాధి. విధి వేరు" అని ఆయన చెప్పి, తుది నిర్ణయం వచ్చే వరకు ఒక్క కాయ కూడా ముట్టకూడదని కాగితం చేతికిచ్చి జీపెక్కారు.

సోమవారం కోతకు వచ్చిన ఆడవాళ్ళు తాడు బయట నిలబడి తోటను చూసి వెళ్ళిపోయారు.

వారం గడిచింది. కొంరవ్వ రోజూ పొద్దున్నే వచ్చి తాడు పట్టుకుని నిలబడేది. పడమటి ఎండ తగిలే సాళ్ళలో కాయ రంగు దిగడం మొదలైంది. మొదట తొడిమ దగ్గర, తర్వాత నడుముకు, తర్వాత మొత్తం. పెంచిన పంట కళ్ళ ముందే తెల్లబడుతుంటే ఆమెకు అన్నం సయించేది కాదు. ఓదేలు మీద అరిచేది. ఓదేలు పాపం ఏం చేస్తాడు, అతను కూడా తాడు బయటే ఉన్నాడు.

ఎనిమిదో రోజు నిపుణుల సంఘం నిర్ణయం వచ్చింది. మిరప కాలవిరుద్ధమే కనుక వలయం నుంచి తొలగించవలసిందే. కొంరవ్వకు ప్రాణం లేచొచ్చింది. తొలగించాలంటే కొయ్యాలి, కోస్తే కాయ బయటికొస్తుంది, ఇంకేం కావాలి. ఆడవాళ్ళను పిలవడానికి వాడకట్టుకు పరుగెత్తబోయింది. ప్రభుదాస్ ఆపి, రెండో పేజీ కూడా ఉందని చెప్పాడు.

రెండో పేజీలో ఏముందంటే, రక్షిత స్థలం నుంచి బయటికి తీసే ప్రతి వస్తువూ లభ్యవస్తువు అవుతుంది. లభ్యవస్తువును శిక్షణ పొందిన సిబ్బందే తీయాలి. దానికి నంబరు వెయ్యాలి, కొలవాలి, బొమ్మ గియ్యాలి, ఫొటో తియ్యాలి, రిజిస్టర్లో ఎక్కించాలి. ఆ తర్వాత జిల్లా ప్రదర్శనశాలకు పంపాలి.

మర్నాడు ముగ్గురు సిబ్బంది చిన్న చిన్న కుంచెలు పట్టుకుని వచ్చారు. ఒకతను కాయ మీది దుమ్ము కుంచెతో దులిపేవాడు. ఒకతను తెల్ల సిరాతో నంబరు వేసేవాడు. ఒకతను పొడవు కొలిచి రిజిస్టర్లో రాసేవాడు. వస్తువు: మిరపకాయ. రంగు: ఎరుపు. ఆకారం: వంకర. లభించిన లోతు: లేదు, ఎత్తున లభించింది. కాలం: ఇప్పటిది. దులిపినతనికి తుమ్ములు పట్టుకుని ఆగలేదు, కళ్ళు నలుపుకోవద్దని కొంరవ్వ తాడు బయటి నుంచి చెబుతూనే ఉంది, అతను నలుపుకున్నాడు. ఆ ముగ్గురూ సాయంత్రానికి రెండు వందల పద్నాలుగు కాయలు పూర్తిచేశారు.

"ఎన్నున్నయో తెలుసునా సారూ, ఒక్క చెట్టుకే అన్ని ఉంటయి" అంది కొంరవ్వ.

"శాస్త్రం తొందరపడదు" అన్నారు పరాంకుశం గారు.

మూడో రోజుకు ఇంకో చిక్కు వచ్చింది. నంబర్లు వేసి కాయలు తీసేసిన చెట్టుకు మళ్ళీ పూత వచ్చింది. పూత పిందె అవుతుంది, పిందె కాయ అవుతుంది, రిజిస్టర్ ఎప్పటికీ ముగియదు. పరాంకుశం గారు పై ఆఫీసుతో ఫోన్లో మాట్లాడారు. సాయంత్రానికి తోట నాలుగు మూలలా కర్రలకు బోర్డులు కట్టారు. నమోదు ప్రక్రియ పూర్తయ్యే వరకు ఈ ప్రాంగణంలో పూత పూయుట, పిందె కట్టుట నిషేధించడమైనది, ఉల్లంఘించిన యెడల తగు చర్య తీసుకోబడును అని వాటి మీద ఉంది. మిరప చెట్లకు చదువు రాదు కాబట్టి అవి పూస్తూనే ఉన్నాయి. ఉల్లంఘించిన చెట్ల జాబితా వేరే రిజిస్టర్లో రాయడానికి నాలుగో మనిషిని వేశారు.

కొంరవ్వ ఇక ఓర్చుకోలేకపోయింది. గాలికి దొర్లి తాడు బయట పడ్డ తాలుకాయలు ఏరి కొంగున మూట కట్టుకుని, బస్సెక్కి జిల్లా ఆఫీసుకు పోయింది. పరాంకుశం గారి టేబుల్ మీద కుమ్మరించింది.

"గివి చూడుండ్రి సారూ. సగం తోట గిట్లయింది. ఇంకో పది దినాలైతే మిగిలిన సగం గూడ గిట్లనే అయితది. మీకు దండం పెడత, మిమ్ముల ఏమడుగుత లేను, నా కాయ నన్ను కోసుకోనియ్యుండ్రి."

ఆయన బాధపడ్డారు. నిజంగానే బాధపడ్డారు. తన టేబుల్ మీద ఉన్నవి నంబరు లేని లభ్యవస్తువులని, అవి తాడు దాటి ఎట్లా వచ్చాయో ఇప్పుడు విచారణ జరపవలసి ఉంటుందని చెప్పారు. కొంరవ్వ వాటిని మళ్ళీ మూట కట్టుకుని ఇంటికి వచ్చేసింది. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

ఇంతలో సంస్థ కమిషనర్ వైజయంతి గారు కాలశుద్ధి పూర్తయిన తొలి స్థలాన్ని స్వయంగా ప్రారంభించడానికి వస్తున్నట్టు కబురొచ్చింది. ఆమె ఆ చోటి ఫొటోలు తెప్పించుకుని చూశారు. మోటారు లేదు, సీసా లేదు, దిష్టిబొమ్మకు చొక్కా లేదు, మిరప సంగతి రిజిస్టర్ చూసుకుంటోంది. అయినా ఏదో వెలితిగా ఉందన్నారు. రెండు రోజులు ఆలోచించి ఆ వెలితి ఏమిటో కనిపెట్టారు. మహానాయకుణ్ణి పాతిపెట్టిన రోజున ఆయన చుట్టూ ఏడ్చేవాళ్ళు ఉండి ఉంటారు. ఇప్పుడు లేరు. ఆనాడు లేనిది ఈనాడు ఉండటం ఎంత దోషమో, ఆనాడు ఉన్నది ఈనాడు లేకపోవడం కూడా అంతే దోషం. కనుక ఏడుపును పునరుద్ధరించాలి.

పరాంకుశం గారు ఈసారి కొంరవ్వ ఇంటికే వచ్చారు. ఓదేలు కుర్చీ తెచ్చి వేశాడు. కుర్చీ ప్లాస్టిక్‌ది, అయినా ఇల్లు వలయానికి బయట ఉంది కాబట్టి ఆయన కూర్చున్నారు.

"మీ ప్రాంతపు స్త్రీలు చనిపోయినవారి దగ్గర ఒక విధమైన ఆశుకవిత్వం చెబుతారని విన్నాను" అన్నారు.

"శోకాలు పెడతం సారూ" అంది కొంరవ్వ.

ఆ ఊళ్ళలో ఎవరైనా పోతే ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. పోయినవాణ్ణి పిలిచి, వాడితో మాట్లాడుతూ, రాగం తీస్తూ ఏడుస్తారు. వాడి మంచీ చెడ్డా, వాడికి ఎవరు ఏం చేశారో, తనకు ఎవరు ఏం చేశారో, అంతా ఆ ఏడుపులోనే చెబుతారు. ఆ సమయంలో అత్త అయినా ఆపదు, మొగుడైనా ఆపడు. శోకం పెడుతున్న మనిషి నోరు మూయించే ధైర్యం ఇంతవరకు ఆ ఊళ్ళో ఎవరికీ కలగలేదు.

"అదే కావాలి. కమిషనర్ గారి సమక్షంలో సమాధి దగ్గర శోకించాలి" అన్నారు ఆయన.

"ఎవ్వలెవ్వలు రావచ్చు?"

"స్థానిక స్త్రీలు. ఒంటి మీద కుట్టుబట్ట ఉండరాదు. చీర చుట్టుకుంటే చాలు. కాళ్ళకు చెప్పులు, చేతులకు ప్లాస్టిక్ గాజులు ఉండరాదు."

"తాడు దాటి లోపటికి రావచ్చునా?"

"రావాలి. శోకించేవారు విధి నిర్వహణలో ఉన్నట్టే లెక్క. మా దృష్టిలో వారు ఆనాటి మనుషులు."

"మొత్తం చేన్ల తిరగచ్చునా? మేం ఒక్కతాన కూసోని ఏడువం. వొంగుకుంట, లేసుకుంట, తిరుగుకుంట ఏడుస్తం."

పరాంకుశం గారి కళ్ళు మెరిశాయి. నోటుబుక్కు తీశారు. "వంగుతూ లేస్తూనా? ఆసక్తికరం. తప్పక అట్లాగే చెయ్యండి. కర్మకాండకు ఎవరూ అంతరాయం కలిగించరాదని జీవోలోనే ఉంది."

కొంరవ్వ కాసేపు తోట వైపు చూసింది. "పెద్దమనిషి గద సారూ, పది మంది ఏడిస్తే ఏం బాగుంటది. నలభై మందిమి వస్తం" అంది.

ప్రారంభోత్సవం రోజు పొద్దున ఎనిమిది గంటలకే నలభై మంది ఆడవాళ్ళు, రవికలు లేకుండా చీరలే ఒంటి నిండా చుట్టుకుని, కొంగులు నడుముకు ఒడిలాగ కట్టుకుని తాడు దగ్గరికి వచ్చారు. మిరప కోతకు వెళ్ళేటప్పుడు ఒడి కట్టుకునేది కూడా అట్లాగే. ఒడి బట్ట కుట్టింది కాదు కాబట్టి సిబ్బందికి అభ్యంతరం కనబడలేదు. కమిషనర్ వైజయంతి గారు గొడుగు కింద కుర్చీలో కూర్చున్నారు. గొడుగు కూడా కాలాతీతమే, దానికీ కార్డు ఉంది. తాడు బయట పక్కవాళ్ళ బీడు దాటాక, ఓదేలు గోనెసంచులు పరుచుకుని నిలబడ్డాడు. పెళ్ళయిన తర్వాత అంత పొద్దున్నే అతను పనిలో కనబడటం అదే మొదలు.

కొంరవ్వ గుట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆమె తాతతో నవ్వులాటకే మాట్లాడింది. అతనూ ఒకరికి తండ్రే, అతని కోసమూ ఒకరు ఏడ్చే ఉంటారు అన్న ఆలోచన అప్పుడే వచ్చింది. దాంతో ఏడుపు నిజంగానే వచ్చేసింది.

"ఏ ఊరోనివో ఏ తల్లి కొడుకువో తాతో
నా చేన్ల పండుకున్నవు తాతో
నిన్ను నేనెన్నడన్న లెమ్మన్ననా తాతో
నన్ను నువ్వెన్నడన్న పొమ్మన్నవా తాతో"

ఆడవాళ్ళు ఒక్కసారి రాగం అందుకున్నారు. అందుకుని సాళ్ళలోకి వంగారు.

"నీ పేరు జెప్పి తాడు గట్టిండ్రు తాతో
నా చేన్ల నన్నే దొంగను జేసిండ్రు తాతో
కాయకు నంబరేసి పూతకు నోటీసిచ్చిండ్రు తాతో
పడమటి సాళ్ళు తెల్లగైనయి తాతో
తూర్పు సాళ్ళు ఎర్రగున్నయి తాతో"

ఆడవాళ్ళంతా ఏడ్చుకుంటూ తూర్పు సాళ్ళకు పోయారు. వంగినప్పుడు చేతులు చెట్ల మీద ఉన్నాయి, లేచినప్పుడు ఒడిలో ఉన్నాయి. నిండిన ఒడితో ఒకతె గుండె బాదుకుంటూ తాడు దాటి పోయేది, ఓదేలు సంచిలో గుమ్మరించి, ఖాళీ ఒడితో ఏడ్చుకుంటూ తిరిగొచ్చేది. ఆమె వెనక ఇంకొకతె. మిరప ఘాటు లేచి అందరి కళ్ళల్లో నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఏడుపు ఇంత సహజంగా వస్తుందని సంస్థ వాళ్ళు ఊహించలేదు.

"వారు బయటికి ఎందుకు వెళ్ళి వస్తున్నారు?" అని కమిషనర్ గారు అడిగారు.

"శోకాన్ని సరిహద్దు దాటించి వస్తున్నారు మేడమ్" అన్నారు పరాంకుశం గారు రాసుకుంటూ. "మృతుని దుఃఖభారాన్ని ఒడిలో మోసి, పొలిమేర వెలుపల విసర్జించే ప్రాచీన ప్రక్రియ. ఇంతవరకు ఎవరూ నమోదు చెయ్యలేదు."

కుంచె పట్టుకున్న సిబ్బందిలో ఒకతనికి అనుమానం వచ్చింది. ప్రభుదాస్ చెవిలో, "అన్నా, వీళ్ళు కాయలు తెంపుతున్నరే" అన్నాడు. ప్రభుదాస్ టేపు చుట్టుకుంటూ, "శోకం పెట్టేటోళ్ళను ఆపితే పాపం తాకుతది. పైంగ జీవో గూడ ఉంది" అన్నాడు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత అతను జీవోను తలచుకుని సంతోషించింది ఆ ఒక్కరోజే.

"నడిమి సాలు మరిచిపోయిండ్రు తాతో
బొందెనక నాలుగు చెట్లు ఉన్నయి తాతో
పొద్దెక్కుతుంది తొందరగ ఏడువుండ్రి తాతో"

అని కొంరవ్వ గొంతు బొంగురుపోయే దాకా పెట్టింది. పన్నెండు గంటలకు తూర్పు సాళ్ళలో ఎరుపన్నది లేకుండా పోయింది. పడమటి సాళ్ళు మాత్రం తెల్లగా ఉండిపోయాయి, వాటి కోసం ఎవరూ వంగలేదు. సగం తోట దక్కింది, సగం పోయింది. పోయిన సగం వైపు చూసి ఆమె ఇంకాసేపు ఏడ్చింది. ఆ ఏడుపులో ఏ ఎత్తుగడా లేదు.

వైజయంతి గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆమె కళ్ళు కూడా ఎర్రబడ్డాయి, గాలి అటే వీచింది. అధికారుల అన్యాయం గురించి ఆ తల్లి చెప్పిన చరణాలు తన హృదయాన్ని కదిలించాయని, మూడు వేల ఏళ్ళ కిందట కూడా అధికారులు అట్లా ఉండేవారని తెలిసి బాధ కలిగిందని మైకులో చెప్పారు. ఇప్పుడు రోజులు మారినందుకు సంతోషం వెలిబుచ్చారు.

నెల తిరక్కుండా పరాంకుశం గారి నివేదిక అచ్చయింది. శోకించే స్త్రీలు చెట్ల నుంచి ఎర్రని ఫలాలను సేకరించి ఒడిలో మోసే ఆచారం అవిచ్ఛిన్నంగా నేటికీ నిలిచి ఉన్నందున, ఆ ఎర్రని ఫలం అయోయుగం నాటికే ఈ నేలపై ఉన్నదని అందులో నిరూపించారు. ఓడల కథను పునఃపరిశీలించాలని కోరారు. మిరప కాలానుగుణమని కొత్త జీవో వచ్చింది. అంతటితో ఆగితే బాగుండేది. ఆచారానికి భంగం కలగకుండా ఇకముందు ఆ వలయంలో మిరప తప్ప మరేదీ వెయ్యరాదని, ప్రతి మాఘమాసంలో కోతను ఏడుస్తూ మాత్రమే చెయ్యాలని, నవ్వుతూ కోసిన యెడల పంట జప్తు చేయబడునని కూడా అందులో ఉంది.

ఆ కాగితం ఇవ్వడానికి పరాంకుశం గారు వచ్చేసరికి కొంరవ్వ కల్లంలో ఉంది. కాయలు ఎండకు పరిచి కాళ్ళతో కలియదిప్పుతోంది. ఆయన కాగితం మొత్తం చదివి వినిపించి, సంతకం పెట్టమని కలం ఇచ్చారు.

కొంరవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మడిచి ఆయన జేబులోనే పెట్టింది.

"వచ్చే ఏడు పత్తి ఏస్తున్న సారూ" అంది. "మీరు రావాల్నంటే రాండ్రి. పత్తికి వేరే శోకముంటది."